కీటో వంటింట్లో చక్కెర డబ్బా ఎందుకు ఉండాలి?

లాల్‌పేట్‌లో ఈ మధ్య ఏ ఇంటికి వెళ్లినా ఒక మాట వినిపిస్తోంది: "మేం అన్నం మానేశాం." ఫోన్‌లో వీడియో చూసి ఒకరు, మంచిర్యాలలో ఉన్న చుట్టం పదిహేను కిలోలు తగ్గాడని విని ఇంకొకరు, షుగర్ గోలీలు మానేయవచ్చన్న ఆశతో మరొకరు కీటో మొదలుపెడుతున్నారు. నెల తిరిగేసరికి కొందరు తేలికపడి హాయిగా ఉంటున్నారు. కొందరు కళ్లు తిరిగి పడిపోతున్నారు. ఎక్కువమంది మాత్రం ఖర్చు భరించలేకో, ఇంట్లో వంట రెండుసార్లు చేయలేకో మూడో వారంలోనే మళ్లీ అన్నం గిన్నె ముందు కూర్చుంటున్నారు.

కీటో మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి మేం ఇది రాయడం లేదు. చేయాలనుకున్నవారు మన వంటింటిని ఎలా సర్దుకోవాలి, సరుకు ఎంత తెచ్చుకోవాలి, ఏ తప్పు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది అన్నవి చెప్పాలని రాస్తున్నాం. ముందే ఒక మాట చెబుతాం. కీటోకు కావలసిన సరుకుల్లో చాలావరకు మన ఇంట్లోనే ఉన్నాయి. మొదట చూడాల్సింది సరుకుల అలమార కాదు, మందుల డబ్బా.

అసలు కీటో అంటే

మనం తిన్న అన్నం, రొట్టె, చక్కెర ఒంట్లో గ్లూకోజుగా మారతాయి. ఒళ్లు నడవడానికి వాడుకునే మొదటి ఇంధనం అదే. రోజుకు తినే పిండి పదార్థాన్ని బాగా తగ్గించి, సుమారు 20 నుంచి 50 గ్రాములకు దించితే కొద్ది రోజుల్లో కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. మెదడు, కండరాలు వాటితో నడుస్తాయి. ఆ స్థితి పేరు కీటోసిస్, అందుకు తినే తిండి పేరు కీటో.

ఇది కొత్తగా పుట్టింది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించి ఈ పేరు పెట్టారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ పెద్ద ఆసుపత్రుల్లో ఈ తిండి ఇస్తారు. అయితే అక్కడ ప్రతి ముద్దా తూకం వేసి, రక్త పరీక్షలు చేస్తూ ఇస్తారు. అంటే ఇది పుట్టుకతోనే వైద్యుల చేతిలోని చికిత్స. బరువు కోసం, షుగర్ కోసం జనం చేతికి వచ్చింది తర్వాతే.

టైప్ 2 షుగర్ ఉన్నవారిలో పిండి పదార్థం తగ్గిస్తే మొదటి ఆరు నెలల్లో బరువు, షుగర్ బాగా తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఏడాది గడిచేసరికి మిగతా పథ్యాలతో తేడా తగ్గిపోతుందని కూడా అవే చెబుతున్నాయి. కారణం సులభం. చాలామంది దీన్ని ఏడాదిపాటు నిలబెట్టుకోలేరు. అందుకే వంటింటి సర్దుబాటు చిన్న విషయం కాదు.

మూడు పథ్యాలు ఒకే పళ్లెంలో వద్దు

తెలుగు ఇళ్లకు కీటో ఆ పేరుతో రాలేదు. వీరమాచనేని రామకృష్ణ పేరుతో వచ్చింది. 2017, 2018 సంవత్సరాల్లో ఆయన సభలు, వీడియోలు ఆంధ్ర, తెలంగాణ దాటి మన దాకా వచ్చాయి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నాలుగు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ గోలీలు అనే లెక్క అప్పుడే మన వాళ్లకు నోటికి వచ్చింది. ఆయన వైద్యుడు కారు. ఆయన మాటల్లో కొన్నింటిని వైద్యులు తప్పుపట్టారు, టీవీ చర్చల్లో ఎదురుబొదురుగా వాదించారు. ఆ చర్చల్లో పాలు, నీళ్లు తేల్చుకోవడం మామూలు ఇల్లాలికి సాధ్యమయ్యే పని కాదు.

చిక్కు ఏమిటంటే మన ఫోన్లలోకి ఆయన ఒక్కరే రాలేదు. ఉప్పు, నూనె లేకుండా వండుకోమనే మంతెన సత్యనారాయణ రాజు ప్రకృతి వైద్యం అంతకు ముందు నుంచే ఉంది. కొర్రలు, అరికెలు, సామలు తినమనే ఖాదర్ వలీ సిరిధాన్యాలు కూడా వచ్చాయి. ఒక్కో పద్ధతికి ఒక్కో లెక్క ఉంది. మన ఇళ్లలో మూడూ కలిసిపోతున్నాయి. అక్కడే ప్రమాదం.

కొర్రన్నంలో నెయ్యి పోసుకుని "కీటో చేస్తున్నాం" అంటున్నవారు ఉన్నారు. వంద గ్రాముల కొర్రల్లో 60 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. బియ్యంకన్నా పీచు ఎక్కువ, కాబట్టి షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. అది మంచి తిండే, కానీ కీటో కాదు. పిండి పదార్థం తగ్గించకుండా కొవ్వు మాత్రం పెంచితే బరువు పెరుగుతుంది, రక్తంలో కొవ్వులు కూడా పెరగవచ్చు. సగం కీటో కన్నా మామూలు అన్నమే నయం.

రెండో కలయిక ఇంకా ప్రమాదం. కీటో చేస్తూ, ఇంకో వీడియో విని ఉప్పు కూడా మానేయడం. ఎందుకో కింద చెబుతాం.

మొదట మందుల డబ్బా తెరవండి

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. మన బస్తీలో ఏ వరసలో చూసినా షుగర్ గోలీలు లేని ఇల్లు వెతకాల్సిందే. అందుకే కీటో మొదలుపెట్టే ముందు గోలీల పట్టీలన్నీ బల్ల మీద పరవండి. వెనక రాసి ఉన్న మందు పేరు చదవండి, లేదా చదివించుకోండి. కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ అని ఉంటే, లేదా ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే జాగ్రత్త. ఇవి మీరు అన్నం తింటారన్న లెక్కతో ఇచ్చిన మోతాదులు. అన్నం మానేసి అదే మోతాదు వేసుకుంటే షుగర్ 70 కన్నా కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, చివరికి స్పృహ తప్పడం.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉంటే ఇంకో రకం ప్రమాదం. వీటి పేటెంట్లు ముగిశాక చవక రకాలు వచ్చాయి, ఇప్పుడు చాలామందికి రాస్తున్నారు. ఈ గోలీలు షుగర్‌ను మూత్రంలోకి పంపిస్తాయి. వీటితోపాటు కీటో కూడా చేస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ అనే స్థితి రావచ్చు. దీనిలో మోసం ఏమిటంటే మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే మీటర్‌ను నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే భయం తక్కువ. బీపీ గోలీలు వేసుకునేవారికి కీటోలో బీపీ తగ్గి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. ఏ గోలీ అయినా మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు. "నేను అన్నం, రొట్టె మానేయబోతున్నాను, మోతాదు ఏం చేయమంటారు?" అని మీకు మందు రాసిన డాక్టర్‌ను అడగండి. గని ఆసుపత్రిలో చూపించుకునేవారైనా, చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు వెళ్లేవారైనా ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. తెలుగులో చెప్పలేకపోతామన్న బెంగ వద్దు, మరాఠీలోనో హిందీలోనో "భాత్, భాకరీ బంద్" అన్నా వారికి అర్థమవుతుంది.

టైప్ 1 షుగర్ ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, కాలేయం లేదా క్లోమం దెబ్బతిన్నవారు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. పిల్లలకు ఇంట్లో పెట్టే పథ్యం ఇది అసలే కాదు.

అందుకే చక్కెర డబ్బా

కీటో మొదలుపెట్టగానే చాలామంది చేసే మొదటి పని ఇంట్లోంచి చక్కెర తీసేయడం. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడే ఇంట్లో అది తప్పు. చిన్న డబ్బాలో చక్కెరో, గ్లూకోజ్ పొడో పోసి, అందరికీ తెలిసిన చోట పెట్టండి. పిల్లలకు కూడా చూపించండి.

మన ఊళ్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. మే నెలలో చంద్రపూర్ ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో మనిషికి చెమటలు పట్టి, వణికి, మాట తడబడితే మనం ఏమంటాం? "ఎండదెబ్బ తగిలింది" అని తడిగుడ్డ వేసి పడుకోబెడతాం. అది షుగర్ పడిపోవడమైతే ఆ పడుకోబెట్టడమే ప్రాణం తీస్తుంది.

కాబట్టి గోలీలు వాడే మనిషి అలా కనిపిస్తే ముందు మీటర్‌తో చూడండి. మీటర్ లేకపోతే షుగర్ పడిందనే అనుకోండి. మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేయండి.

పళ్లెంలోంచి ఏం పోవాలి

మన జిల్లా వరి జిల్లా. రేషన్‌లో బియ్యం వస్తాయి, పొద్దున చౌరస్తాలో తర్రీ పోహా, ఉపవాసమంటే సాబుదానా ఖిచిడీ. వీటి లెక్క ఒకసారి చూద్దాం.

రోజుకు పావుకిలో బియ్యం తినే మనిషికి అందులోనే దాదాపు 195 గ్రాముల పిండి పదార్థం వస్తుంది. 60 గ్రాముల పిండితో చేసిన ఒక జొన్నరొట్టెలో 40 గ్రాములు. పొడి అటుకులు 60 గ్రాములతో చేసిన పోహాలో 45 గ్రాములకు పైగా. అంతే సాబుదానాలో 50 గ్రాములు. ఒక గ్లాసు పాలలో 9, 10 గ్రాములు. రెండు చెంచాల చక్కెర చాయలో చక్కెరే 10 గ్రాములు. అలాంటి చాయ షిఫ్టుకు మూడుసార్లు తాగితే, అన్నం ముట్టకపోయినా రోజు లెక్క అక్కడే సగం దాటుతుంది.

పప్పు విషయంలో చాలామంది పొరబడతారు. కందిపప్పులో మాంసకృత్తులు ఉన్న మాట నిజం, కానీ సగానికి పైగా పిండి పదార్థమే. శనగపిండీ అంతే. అందుకని జుణకా, బజ్జీ, పప్పుచారు లెక్కలోకి వస్తాయి. ముద్దపప్పు మానేయాల్సిందే. పలచటి చారు రెండు గరిటెలు వేసుకోవచ్చు.

చింతపండు ఇంకో మోసగాడు. వంద గ్రాముల చింతపండులో 60 గ్రాములకు పైగా పిండి, చక్కెర పదార్థాలే. నిమ్మకాయంత ఉండతో చేసిన పచ్చిపులుసు ఇంట్లో నలుగురు పంచుకుంటే ఫరవాలేదు, ఒక్కరే తాగేస్తే రోజు లెక్కలో మూడో వంతు దాకా పోతుంది. పులుపుకు నిమ్మకాయ వాడండి.

బెల్లం, తేనె, ఖర్జూరం చక్కెరకు చుట్టాలే. ఆలుగడ్డ, చామగడ్డ, కందగడ్డ, మక్కలు, బఠాణీ, అరటిపండు, మామిడిపండు కీటో పళ్లెంలో చోటు లేనివి. "షుగర్ ఫ్రీ" బిస్కెట్ అంటే చక్కెర వేయలేదని మాత్రమే, మైదా అలాగే ఉంటుంది. పొట్లం వెనక చూసేటప్పుడు చక్కెర గడి ఒక్కటే కాదు, కార్బోహైడ్రేట్ గడి చూడండి.

సరుకు మన బజారులోనే ఉంది

బాదంపిండి, ఖరీదైన చీజ్, విదేశీ నూనెలు, కీటో అని రాసి ఉన్న పొట్లాలు లేకుండానే పని జరుగుతుంది. గోల్ బజార్‌లో, మన వారపు కూరగాయల దగ్గర దొరికేవే చాలు.

గుడ్లు మొదటి వరస. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు, పిండి పదార్థం గ్రాము కన్నా తక్కువ. కోడి, మేక మాంసం, చేపల్లో పిండి పదార్థం లేనట్టే. మాంసం ముట్టనివారు, శ్రావణంలో మానేసేవారు పనీర్, పెరుగు, పల్లీల మీద ఆధారపడాలి. సోయా వడియాలు 30 గ్రాములు అప్పుడప్పుడూ వాడవచ్చు.

గింజల్లో పల్లీలు, నువ్వులు ముందు. దుకాణంలో శేంగదాణే, తీళ్ అంటాం కదా, అవే. బాదం ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. కాజూ గుప్పెడు తింటే ఏడెనిమిది గ్రాముల పిండి పదార్థం, అందుకని అది పండగకే. అన్నిటికన్నా మంచిది మనం మరిచిన అవిసెలు. ఇక్కడివారు జవస్ అంటారు, విదర్భ ఇళ్లలో జవస్ చట్నీ లేని అలమార ఉండదు. వాటిలోని పిండి పదార్థంలో దాదాపు అంతా పీచే. అన్నం మానేశాక మలబద్ధకంతో బాధపడేవారికి రోజుకు చెంచా రెండు చెంచాల అవిసె పొడి, దాంతోపాటు సరిపడా నీళ్లు మంచి ఉపాయం. వేయించి, ఎండుమిరప, ఎల్లిగడ్డ, ఉప్పు కలిపి దంచితే పదిహేను రోజులు నిలుస్తుంది. పక్కింటి మరాఠీ అక్కను అడిగితే ఇంకా బాగా చెబుతుంది.

కూరగాయల్లో వంకాయ, బెండకాయ, సొరకాయ, బీరకాయ, కాకరకాయ, దోసకాయ, క్యాబేజీ, కాలీఫ్లవర్. ఆకుకూరల్లో మెంతి, తోటకూర, పాలకూర, పుంటికూర. పుంటికూరను ఇక్కడ అంబాడీ అంటారు. దాని పులుపే చాలు, చింతపండు అక్కరలేదు. పుంటికూరలో నాలుగు గుడ్లు కొట్టి వేస్తే అన్నం లేకుండా కూడా కడుపు నిండుతుంది. ఒక హెచ్చరిక: కిడ్నీలో రాళ్లు వచ్చినవారు పాలకూర, పుంటికూర, చుక్కకూర తగ్గించాలి. కీటోలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది, మన ఎండలు, చెమటలు దానికి తోడవుతాయి. ఉల్లిగడ్డ, టమాట తాలింపుకు మాత్రం వాడండి.

నూనె సంగతి. మన ఇళ్లలో కొబ్బరినూనె తలకే గానీ కూరకు కాదు. వీడియోలో చెప్పారని దానితో వండి, వాసన పట్టక వాంతి చేసుకున్నవారు ఉన్నారు. కీటోసిస్‌కు కొబ్బరినూనే కావాలన్న నియమం లేదు. అలవాటైన పల్లీనూనె, నువ్వులనూనె, కొద్దిగా నెయ్యి చాలు. నెయ్యి, కొబ్బరినూనె మరీ ఎక్కువైతే కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడవద్దు. డాల్డా ఇంటికి తేవద్దు.

ఒక మనిషికి నెల సరుకు

కూర్చుని పనిచేసే, 60 కిలోల దగ్గర ఉన్న మనిషికి మేం వేసిన లెక్క ఇది. బరువు తగ్గాలనుకునేవారికి సరిపోతుంది. గనిలో, లోడింగ్‌లో ఒళ్లు వంచి పనిచేసేవారికి ఇది చాలదు, మాంసకృత్తులు, నూనె పెంచాలి.

గుడ్లు 90, అంటే మూడు ట్రేలు. కోడి లేదా చేప నాలుగున్నర కిలోలు. పెరుగు రోజుకు 100 గ్రాముల చొప్పున మూడు కిలోలు. పల్లీలు కిలో లోపు. అవిసెలు, నువ్వులు పావుకిలో చొప్పున. కొబ్బరికాయలు నాలుగు. వంటనూనె, నెయ్యి కలిపి కిలోన్నర లోపు. కూరగాయలు, ఆకుకూరలు 13 నుంచి 15 కిలోలు. నిమ్మకాయలు 60.

ఈ పట్టిక చూడగానే ఖర్చు తెలుస్తుంది. రేషన్ బియ్యం ఉచితం, గుడ్లు, చికెన్ కొనాలి. ఆ ఖర్చు ప్రతి నెలా పెట్టలేమనుకుంటే మొదలుపెట్టకపోవడం తప్పు కాదు. అన్నం సగానికి తగ్గించి, ఆ చోటులో కూర, గుడ్డు, పెరుగు పెంచి, చాయలో చక్కెర మానేసినా షుగర్‌లో తేడా కనిపిస్తుంది. అది కీటో కాదు. కానీ ఏళ్ల తరబడి నిలబెట్టుకోగలిగేది అదే కావచ్చు.

ఉప్పు, నీళ్లు, ఎండ

ఒంట్లో నిలవ ఉన్న పిండి పదార్థం నీళ్లను పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే అది కరిగి నీళ్లు బయటికి పోతాయి. మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీళ్లే. నీళ్లతోపాటు ఉప్పు కూడా పోతుంది. తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం దానివల్లే. ఈ స్థితిలో ఉప్పు కూడా మానేసి, ఖాళీ నీళ్లు మాత్రం లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఎండాకాలంలో, చెమట కారే పనిలో ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం.

కాబట్టి కూరలో మామూలుగా వేసే ఉప్పు తగ్గించవద్దు. పలచటి మజ్జిగలో ఉప్పు, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, మేకకాళ్ల షోర్వా మంచివి. నీళ్లు ఒకేసారి కాకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఉప్పు, నీళ్ల కొలత డాక్టర్‌ను అడిగే నిర్ణయించుకోవాలి.

మా సలహా అడిగితే మే నెలలో మొదలుపెట్టవద్దంటాం. దసరా, దీపావళి దాటాక చలి మొదలయ్యే రోజుల్లో మొదలుపెట్టండి. ఆకుకూరలు చవకగా దొరుకుతాయి, ఎండ బాధ ఉండదు. మొదటి వారం నైట్ షిఫ్టు పడకుండా చూసుకోండి.

ఒక పొయ్యి, రెండు పళ్లేలు

చివరిగా వండే మనిషి గురించి. ఇంట్లో ఐదుగురుంటే కీటో చేసేది ఒకరు. ఆ ఒక్కరికోసం ఇంకో వంట చేయాలంటే ఏ ఇల్లాలైనా పది రోజులకే విసిగిపోతుంది. అందుకని రెండు వంటలు వద్దు. కూర ఒకటే వండండి, కొంచెం ఎక్కువ వండండి. మిగతావారు అన్నంతో కలుపుకుంటారు, ఆ మనిషి గిన్నెడు కూర, రెండు గుడ్లు, పెరుగు తింటాడు. ఆలుగడ్డ వేసే కూరలో ముందే వేరుగా తీసిపెట్టండి. షిఫ్టు డబ్బాలోకి ఉడికించిన గుడ్లు, బెండకాయ వేపుడు, గుప్పెడు పల్లీలు చాలు.

షుగర్ ఉన్నది ఆ ఇల్లాలికే అయితే కథ వేరే. అందరికీ పెట్టి, చివర్లో కూర అయిపోయి, మిగిలిన అన్నం పారేయలేక తానే తింటుంది. పొద్దున సద్దన్నం కూడా ఆమె వాటాయే. అలాంటి ఇంట్లో సరుకు ఎంత తెచ్చినా లాభం లేదు. ఆమె గిన్నె ముందే తీసిపెట్టాలి. బియ్యం ఒక గ్లాసు తక్కువ పోయాలి. ఈ రెండు పనులు ఇంట్లోని మగవారు, పిల్లలు చూసుకోవాలి.

బతుకమ్మకు సత్తుపిండి, సంక్రాంతికి సకినాలు, పక్కింటివారి తిళ్‌గుళ్ వస్తూనే ఉంటాయి. ఒకటి రుచి చూస్తే కొంప మునగదు. రెండు రోజులు కీటోసిస్ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. "ఎలాగూ తప్పాం" అని డబ్బా ఖాళీ చేయడమే అసలు నష్టం.

మొదలుపెట్టే ముందు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ పరీక్షలు చేయించి కాగితాలు దాచుకోండి. మూడు నెలల తర్వాత అవే మళ్లీ చేయించండి. చుట్టం తగ్గిన కిలోలు కాదు, మీ రెండు కాగితాల మధ్య తేడాయే మీకు లెక్క. బాగుంటే డాక్టర్‌కు చూపించి కొనసాగించండి. బాగా లేకపోతే ఆపేయండి, అందులో నామోషీ లేదు.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే రెండు పనులు చేయండి. గోలీల పట్టీ వెనక ఉన్న మందు పేరు ఒక కాగితం మీద రాసుకోండి. చక్కెర డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. బజారుకు సంచీ పట్టుకుని బయల్దేరడం ఆ తర్వాత.